ఏ కుటుంబం, ఎవరి ఆదాయం: కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో పన్ను పోను మిగిలేది

ఒక కుటుంబంలోని వారందరికీ ఏడాదిలో కూలి, జీతం, పంట, వ్యాపారం, అద్దె, వడ్డీ రూపంలో వచ్చిన సొమ్మును కూడి, ప్రభుత్వం నుంచి పింఛనుగానో సాయంగానో అందినదాన్ని దానికి కలిపి, ఆ మొత్తంలోంచి ఆదాయపు పన్నును తీసివేస్తే మిగిలేదాన్ని గణాంక శాస్త్రం పన్ను పోను కుటుంబ ఆదాయం అంటుంది. కెనడా వంటి దేశాల గణాంక శాఖలు ఈ మొత్తాన్ని కుటుంబ స్వరూపాన్ని బట్టి, అంటే పిల్లలున్న దంపతులు, పిల్లలు లేని దంపతులు, పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లి లేదా తండ్రి, ఒక్కరే ఉండే మనిషి అనే వరుసలో పట్టికలుగా ప్రచురిస్తాయి. ఆ పట్టికల్లో ఇద్దరు సంపాదించే దంపతుల ఇల్లు పైనా, ఒంటరి తల్లి ఇల్లు అడుగునా ఉండడం మామూలే. కర్నూలు, కడప మెట్ట పల్లెలకు ఆ చట్రాన్ని ఉన్నదున్నట్టుగా తెచ్చి బిగించడం కుదరదు, ఎందుకంటే ఇక్కడ పన్ను లెక్క మనిషి పేరునా, పింఛను లెక్క కార్డు పేరునా, భూమి లెక్క పట్టా పేరునా, తిండి లెక్క పొయ్యి పేరునా ఉంటాయి, ఆ నాలుగూ ఒకే కుటుంబాన్ని చూపవు. ఏ ఇంట్లో ఎంత మిగులుతున్నదని అడిగే ముందు ఏ దస్త్రం ఎవరిని ఇల్లుగా గుర్తిస్తున్నదని అడగవలసి వస్తుంది. ఈ సీమలో చాలా కుటుంబాల చేతిలో మిగిలేదాన్ని నిర్ణయించేది పన్ను రేటు కంటే ఆ గుర్తింపే అన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే వాదం.

కర్నూలులో 1883లో పుట్టి, 1908లో పత్రికా రచన కారణంగా రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్ళి, తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మృతిలో ఇటువంటి విషయం ఎత్తుకోవడం అసందర్భం కాదు. ప్రభుత్వ కాగితాన్ని చదివి అర్థం చేసుకోగలగడం పౌరుడి కనీస బలమని నమ్మిన తరానికి చెందినవారాయన; ఆ కాగితం మీది కుటుంబం అనే ఒక్క మాట ఎన్ని రకాలుగా మారుతుందో చూడడం ఆ పనికి కొనసాగింపే.

కుటుంబాన్ని లెక్కకు ఎక్కించే పని ఈ ప్రాంతంలో కొత్తది కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో, పొలం పొలానికీ సర్వే చేయించి, శిస్తును రైతు పేరున కట్టే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. వెళ్ళిపోయే ముందు 1807 ఆగస్టులో పంపిన నివేదికలో, స్థూల ఫలసాయంలో ప్రభుత్వ వాటా సుమారు మూడో వంతుకు దిగేలా సర్వే రేట్లను 25 శాతం తగ్గించాలని సూచించాడు. పన్ను పోను రైతుకు మిగిలేదెంత అన్న ప్రశ్నను ఈ గడ్డ మీద అంకెలతో వేసిన తొలి పాలకుల్లో అతడొకడు. అయితే పట్టాలో రాసింది ఒక మనిషి పేరు, ఆ పంట తిన్నది ఒక ఉమ్మడి కుటుంబం. తండ్రి పోయాక పెద్దకొడుకు పేరు ఎక్కినా, అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకున్నా, పట్టా చాలాకాలం పాత పేరుతోనే నడిచేది. కర్నూలు నవాబు ఏలుబడిలోని ప్రాంతం 1839లో కంపెనీ చేతికి వచ్చాక అక్కడికీ ఇదే పద్ధతి వ్యాపించింది. కాగితం మీది కుటుంబానికీ కంచం ముందు కూర్చునే కుటుంబానికీ మధ్య నేడు కనిపించే ఎడానికి వేళ్ళు అక్కడున్నాయి.

కుటుంబం లోపల ఎవరికెంత అన్న దానికి అంతకంటే పాత శాస్త్రం ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. పదమూడో శతాబ్దంలో కేతన దాన్నే విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యంలోకి తెచ్చాడు, అంటే వ్యవహార ధర్మశాస్త్రం తెలుగు కవిత్వపు తొలి శతాబ్దాల్లోనే మన భాషలో చదువుకునే వీలు కలిగింది. ఆ శాస్త్రానికి లొంగని ఆచారాలూ ఈ సీమలో ఉన్నాయి. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని, సేద్యంలో అతడు చేసే కష్టానికి ప్రతిగా ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా ఇచ్చే ఇల్లటం అనే ఆచారాన్ని, బళ్ళారి, కర్నూలు ప్రాంతపు రెడ్డి కుటుంబాల విషయంలో, మద్రాసు హైకోర్టు పంతొమ్మిదో శతాబ్దంలోనే చట్టబద్ధంగా గుర్తించింది. ఇల్లటపు ఇంటిని ఏ గణాంక పట్టికలో పెట్టాలన్నది ఆసక్తికరమైన ప్రశ్న. మూడు తరాలు ఒకే కప్పు కింద ఉన్నా అది మగవారసుల ఉమ్మడి కుటుంబం కాదు, ఆస్తికి దారి కూతురు, దానికి కారణం అల్లుడి శ్రమ. మెట్ట సేద్యానికి చేతులు కావాలి, చేతులను బట్టి కుటుంబం తన రూపం మార్చుకుంటుంది అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఆ నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో పాటు జన్మతః హక్కు ఇచ్చింది; దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. చట్టం ముందు నడిచినా పల్లె ఆచారం వెనకబడే ఉంది, పెళ్ళినాడు ఇచ్చినదాన్ని ఆడపిల్ల భాగంగా చెప్పి దస్తావేజు మీద సంతకం తీసుకునే ఇళ్ళు ఇప్పటికీ తక్కువేమీ కావు. ఆ సంతకం విలువ ఎంతో, భర్త లేని ఇంటి ఆదాయం ప్రస్తావనకు వచ్చినప్పుడు తెలుస్తుంది.

చట్టం వేసిన గీతను బట్టి కుటుంబం కాగితం మీద చీలడం కూడా పాత సంగతే. 1973 భూసంస్కరణల చట్టం వ్యక్తి, అతని భార్య లేదా ఆమె భర్త, మైనరు కొడుకులు, పెళ్ళికాని మైనరు కూతుళ్ళు కలిసినదాన్ని కుటుంబ యూనిట్టుగా నిర్వచించి, మెట్ట భూమికి తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాల పరిమితి పెట్టింది. మేజరు కొడుకు ఆ యూనిట్టులో లేడు గనుక అతని వాటా వేరు లెక్కకు పోయింది. ఒకే వాకిట్లో ఉన్న పెద్ద రైతు కుటుంబాలు భాగపరిష్కార పత్రాలు రాసుకుని, ఆ సాయంత్రం మళ్ళీ ఒకే పంక్తిలో భోంచేశాయి. అప్పుడు అలా విడిపోయింది భూమి ఎక్కువైనవారు. ఇప్పుడు విడిపోతున్నది భూమి లేనివారూ పదెకరాల మెట్ట మీద బతికేవారూ. కారణం మాత్రం మారలేదు.

ఇక ఆదాయపు పన్ను. భారతదేశంలో పన్ను కట్టే యూనిట్టు వ్యక్తి, భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేసే పద్ధతి లేదు. అమెరికా 1948లో ఉమ్మడి రిటర్ను వేసే దంపతుల ఆదాయాన్ని చెరిసగంగా చూసే వెసులుబాటు తెచ్చింది, ఫ్రాన్సు 1945 నాటి చట్టం నుంచి ఇంట్లోని తలలను బట్టి ఆదాయాన్ని భాగించి పన్ను వేస్తుంది, జర్మనీ 1958 నుంచి దంపతుల ఆదాయాన్ని సగం సగంగా చూస్తుంది, బ్రిటన్ మాత్రం 1990లో భార్యను భర్త నుంచి విడదీసి వ్యక్తి పద్ధతికి మారింది. వ్యక్తి పద్ధతిలో ఒకే ఆదాయం ఇంటి స్వరూపాన్ని బట్టి ఎంత తేడాగా మిగులుతుందో చూడడానికి 2025–26 కొత్త పన్ను విధానం చాలు. పన్ను విధించదగిన 24 లక్షల రూపాయలు ఒక్క మనిషి సంపాదించిన ఇంట్లో, 4 శాతం సెస్సుతో కలిపి, 3,12,000 రూపాయలు పన్నుగా పోతాయి. అదే 24 లక్షలు భార్యాభర్తలు చెరి 12 లక్షలు జీతంగా తెచ్చుకున్న ఇంట్లో, 12 లక్షల దాకా వర్తించే రిబేటు వల్ల, ఒక్క రూపాయి కూడా పోదు. బెంగళూరులో ఇద్దరూ ఉద్యోగం చేసే కడప దంపతులకూ, ప్రొద్దుటూరులో భర్త సంపాదన మీదే నడుస్తూ అత్తమామలను కూడా పోషిస్తున్న ఇంటికీ మధ్య తేడా ఇదే. ఎక్కువ నోళ్ళున్న ఇంటి నుంచే ఎక్కువ పన్ను పోతున్నది.

వ్యక్తితో పాటు పన్ను చట్టం గుర్తించే మరొక యూనిట్టు హిందూ అవిభక్త కుటుంబం, అంటే పిత్రార్జితాన్ని పంచుకోకుండా ఉంచుకున్న కుటుంబాన్ని దాని సభ్యుల నుంచి వేరైన ఒక పన్నుదారుగా చూడడం. దానికి సొంత పాన్ కార్డు, సొంతంగా 4 లక్షల మినహాయింపు ఉంటాయి, 12 లక్షల రిబేటు మాత్రం దానికి వర్తించదు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒకరికి వ్యాపారం మీద 16 లక్షలు, తాతల నాటి దుకాణాల అద్దె మీద 4 లక్షలు పన్ను విధించదగిన ఆదాయం వస్తుందని ఊహిద్దాం. అంతా సొంత పేరున చూపితే పన్ను 2,08,000 రూపాయలు. అద్దెను అవిభక్త కుటుంబం పేరున చూపితే వ్యాపారపు పన్ను 1,24,800, కుటుంబపు పన్ను సున్నా. ఉమ్మడిగా ఉన్నందుకు ఏటా 83,200 రూపాయలు మిగిలాయి. ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే చట్టంతో రద్దు చేసిన కేరళను మినహాయిస్తే, తక్కిన దేశమంతటా ఆస్తి గల హిందువుకు ఈ వెసులుబాటు ఉంది. ఆస్తి లేని ఉమ్మడి కుటుంబానికి దీనితో పనిలేదు, ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఎంత ఉమ్మడిగా ఉన్నా వాటికిది వర్తించదు.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్నది అందరికీ తెలిసినదే. 1961 చట్టం ఇచ్చిన ఆ మినహాయింపును 2026 ఏప్రిల్ నుంచి వర్తించేలా దాని స్థానంలో తెచ్చిన 2025 చట్టమూ నిలుపుకుంది. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ వ్యవసాయ కమతాల మీద పన్ను వేయాలనీ, దానికి భార్య, భర్త, మైనరు పిల్లలు గల కుటుంబాన్ని యూనిట్టుగా తీసుకోవాలనీ సూచించింది. ఆ పన్ను అమలుకు రాలేదు. వ్యవసాయేతర ఆదాయానికి రేటు కట్టేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకునే చిన్న ఏర్పాటు మాత్రం 1973 నుంచి ఉంది. కోసిగిలోనో చక్రాయపేటలోనో ఉన్న రైతుకు ఇవేవీ తగలవు. జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2019లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం 10,480 రూపాయలు, ఏడాదికి 1,25,760. అంటే మినహాయింపు అసలు లేకపోయినా పన్ను పడే ఆదాయం కాదది. అలాంటి ఇంటికి పన్ను పోను ఆదాయమూ పన్నుకు ముందు ఆదాయమూ ఒకటే అని చెప్పి ఊరుకోవడం సులభం, అక్కడితో ఆగిన వ్యాసాలూ ఉన్నాయి. అయితే పన్ను పోను ఆదాయం అనే లెక్కలో ప్రభుత్వం తీసుకునేదానితో పాటు ఇచ్చేది కూడా భాగమేనని మొదట్లో చెప్పిన నిర్వచనం. మెట్ట పల్లెలో కుటుంబ స్వరూపం పనిచేసేది ఆ రెండో వైపు.

ఆ వైపుకు తాళం బియ్యం కార్డు. 2019 తర్వాత రాష్ట్రం పెట్టుకున్న ఆరు అంచెల పరిశీలన ప్రకారం పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు, రెండూ ఉంటే కలిపి పదెకరాలు మించకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపు ఉండాలి. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు. ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను చెల్లించేవారు కుటుంబంలో ఎవరూ ఉండకూడదు. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణానికీ హద్దు ఉంది. ఈ షరతులన్నీ ఇంటికి పెట్టినవి, ఇంట్లోని తలలకు కావు. ముగ్గురు అన్నదమ్ములు, వారి భార్యలు, ముగ్గురు పిల్లలు ఒకే కార్డులో ఉండి, ఒక్కొక్క అన్నదమ్ముడి సంపాదన నెలకు 4,500 రూపాయలైతే, ఇంటి మొత్తం 13,500 అవుతుంది, హద్దు దాటుతుంది. మనిషికి పడేది 1,500. పక్కింట్లో ఇద్దరే ఉన్న దంపతులు 9,900 సంపాదిస్తే మనిషికి 4,950 పడినా హద్దులోపలే ఉంటారు. బియ్యాన్ని మనిషికి ఐదు కిలోలని తలలెంచి ఇచ్చే ప్రభుత్వం, అర్హతను మాత్రం తలలెంచకుండా నిర్ణయించడం గమనించదగిన విషయం.

అందుకే సచివాలయంలో కార్డు విడగొట్టుకోవడం అనేది నేటి భాగపంపకం అయింది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అని ఉద్యోగులూ జనమూ ఒకే నోటితో అనే కుటుంబ నమోదులో ఎవరు ఎవరి ఇంట్లో ఉన్నారన్నది ఒకసారి పడితే, అది పింఛను నుంచి ఫీజుల దాకా అన్నింటికీ ఆధారమవుతుంది. 2024 జూలై నుంచి వృద్ధులకూ వితంతువులకూ ఇస్తున్న పింఛను నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు. 2019 నాటి ఆదాయం పక్కన 2024 నాటి పింఛనును పెట్టడం పూర్తిగా సరికాదని తెలిసే చెప్పుకుంటే, ఆ మొత్తం వ్యవసాయ కుటుంబపు సగటు ఏడాది ఆదాయంలో మూడో వంతు కంటే ఎక్కువ. మనవడికి హైదరాబాదులో ఆదాయపు పన్ను పడే ఉద్యోగం వచ్చి, అతని పేరు ఇంకా ఊళ్ళోని కార్డులోనే ఉంటే, కోసిగిలోని నాయనమ్మ అర్హత ప్రశ్నార్థకమవుతుంది. అతడు ఇంటికి పంపేది ఎంత, అసలు పంపుతున్నాడా లేదా అన్నది ఆ పరిశీలనలో లేదు. బ్యాంకు రుణం కోసం సున్నా పన్నుతో రిటర్ను వేయడం, పన్ను కట్టడం ఒకటి కావన్న తేడా కూడా దరఖాస్తు బల్ల దగ్గర తరచు చెరిగిపోతుంది. ఆదోని వ్యాపారికి ఉమ్మడిగా ఉన్నందుకు 83,200 మిగిలితే, కోసిగి ముసలమ్మకు ఉమ్మడిగా ఉన్నందుకు 48,000 పోయే ప్రమాదం ఉంది. ఒకే రాజ్యం, ఒకే ఉమ్మడి కుటుంబం. పన్ను చట్టం దాన్ని రాయితీగా చూస్తుంది, సంక్షేమ నిబంధన అనర్హతగా చూస్తుంది. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు, రెండు శాఖలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు భయాలతో రాసుకున్న నిర్వచనాల ఫలితం. అయినా భారం మోసేది ఎవరో ముందే తేలిపోయింది.

కేంద్ర, రాష్ట్ర పథకాల్లో ఇలాంటి గీతలు ఇంకా ఉన్నాయి. పీఎం కిసాన్ దృష్టిలో రైతు కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. ఏడాదికి 6,000 రూపాయలు అందాలంటే భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి ఆ కుటుంబం పేరున రికార్డుల్లో ఉండాలి, ఆ తర్వాత చేతులు మారిన భూమిలో వారసత్వంగా వచ్చినదానికే మినహాయింపు. తండ్రి బతికుండగా ఆయన పేరుననే పట్టా ఉంచుకున్న ముగ్గురు కొడుకుల ఇంటికి ఒక సాయం, ఆ తేదీకి ముందే భాగాలు రాయించుకున్న ఇంటికి మూడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం వంద రోజుల పనిని మనిషికి కాక ఇంటికి రాసింది, ఆ ఇంటిని కలిసి ఉండి కలిసి తినేవారుగా లేదా ఒకే రేషను కార్డు గలవారుగా నిర్వచించింది. దీనికి ఎదురుగా పిల్లల చదువు సాయం దారి మార్చింది. అమ్మ ఒడి కింద పిల్లలు ఎంతమంది ఉన్నా తల్లికి ఒకటే మొత్తం అందగా, 2025లో వచ్చిన తల్లికి వందనం చదువుకునే ప్రతి బిడ్డకూ 15,000 చొప్పున, అందులో 2,000 బడి నిర్వహణకు పట్టుకుని, లెక్క కట్టింది. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఈ ఒక్క నిర్వచనపు మార్పు తెచ్చిన తేడా ఏ పన్ను రాయితీ తేలేదు.

వేరుపడడమే లాభమైతే ఉమ్మడిగా ఉండడంలో మిగిలేదేమిటి? దీనికి గణాంకవేత్తలు వాడే ఒక పరికరం ఉంది. వేర్వేరు పరిమాణాల ఇళ్ళను పోల్చడానికి ఆదాయాన్ని తలల సంఖ్యతో కాక, తలల సంఖ్యకు వర్గమూలంతో భాగిస్తారు. కారణం, దీపం, కప్పు, టీవీ, బోరుబావి వంటివి నలుగురికైనా తొమ్మిదిమందికైనా ఒకటే సరిపోతాయి. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రెండు రూపాయలు ఎంతో తొమ్మిదిమంది ఉన్న ఇంటికి మూడు రూపాయలు అంతే, అంటే తొమ్మిదిమంది నాలుగున్నర రూపాయలు తేనక్కరలేదు. ఈ కొలమానం ఇంటి అద్దె పెద్ద ఖర్చుగా ఉన్న దేశాల్లో సరిపోతుంది గాని రాయలసీమ పల్లెకు అతికినట్టు సరిపోదు. 2022–23 గృహ వినియోగ సర్వేలో గ్రామీణ భారత కుటుంబాల ఖర్చులో దాదాపు 46 శాతం తిండికే పోయింది. జొన్నరొట్టె తొమ్మిదిమందికి తొమ్మిదిమంది కొలతే పడుతుంది. ఉమ్మడి ఇంటి ఆదా నిజానికి ఉన్నది వస్తువుల్లో కంటే శ్రమలో: ఒకరు పసిపిల్లను చూస్తే ఇంకొకరు కూలికి పోగలరు, ఒక కొడుకు వలస కూలికి పోతే ఇంకొకడు గొర్రెలను చూస్తాడు, ముసలివారి మందులు ఒక్కరి నెత్తిన పడవు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే, ఆ వాన కూడా పంటకు కావలసినప్పుడు పడని ఈ నేల మీద, అది బీమా. బీమా విలువ ఆదాయ పట్టికలో కనిపించదు. వాన తప్పిన ఏడాది కనిపిస్తుంది.

2019 నాటి జాతీయ నమూనా సర్వేలోనే మరొక అంకె, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతానికి అప్పు ఉందనీ, సగటున ఇంటికి 2,45,554 రూపాయలనీ చెప్పింది. దేశంలో అదే అత్యధికం. బ్యాంకు పంట రుణం ఏడు శాతం, సకాలంలో తీరిస్తే నాలుగు శాతం వడ్డీకి దొరుకుతుంది గనుక అప్పంతా భారీ వడ్డీకి తెచ్చినది కాదు, అయినా నూటికి రెండు రూపాయల వడ్డీ అని ఊళ్ళో అనే నెలవారీ రేటుకు ఆ మొత్తం తెచ్చుకున్న కౌలు రైతుకు ఏడాది వడ్డీయే దాదాపు 59,000 అవుతుంది. పన్ను పోను ఆదాయం లెక్కలో వడ్డీని తీసివేయరు. 24 లక్షల జీతగాడి పన్ను అతని ఆదాయంలో 13 శాతమైతే, ఈ కౌలు రైతు సగటు ఆదాయమే తెచ్చుకున్నా వడ్డీ అందులో 47 శాతం. కుటుంబం వేరుపడినప్పుడు భూమితో పాటు అప్పునూ పంచుకుంటారు, ఆ పంపకంలో చిన్న కొడుకుకు తరచు పొలం కంటే నోటు ముందు చేతికి వస్తుంది. పరోక్ష పన్నుల సంగతి ఇక్కడ విస్తరించనక్కరలేదు. 2017 జూలై నుంచి సబ్బు మీదా చెప్పుల మీదా జీఎస్టీ కట్టని ఇల్లు లేదనీ, మద్యం మీది సుంకాన్ని మగవాడు తాగి కట్టినా అది ఇంటి పొయ్యి మీంచి పోయిన సొమ్మేననీ గుర్తుంచుకుంటే చాలు.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆలూరు వైపు, పంట అయిపోగానే పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపో తెలంగాణ వైపో కుటుంబాలకు కుటుంబాలే వెళ్ళడాన్ని సుగ్గికి పోవడం అంటారు. చిన్న కుటుంబమైతే తాళం పడుతుంది, పిల్లలు బడి మానేసి వెంట నడుస్తారు, లేదా సీజనల్ హాస్టల్లో చేరతారు. ముసలివారున్న ఇల్లయితే పిల్లలు వారి దగ్గర ఉండి చదువు నిలుపుకుంటారు. సుగ్గి కూలి రెండిళ్ళకూ ఒకటే, అయినా ఒక ఇంటికి ఆ ఆదాయం ఒక బిడ్డ చదువు పోగొట్టి వచ్చింది. సర్వే అంకెల్లో ఈ రెండిళ్ళూ పక్కపక్కనే, సమానంగా నిలబడతాయి.

కడప వైపు, రాయచోటి, రాజంపేట, పుల్లంపేట ప్రాంతాల కథ వేరు. అక్కడి నుంచి కువైత్‌కు ఇంటిపనికి వెళ్ళిన ఆడవారు దశాబ్దాలుగా ఇంటికి ఆధారం. కువైత్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ప్రవాసి విదేశంలో సంపాదించినదానికి ఇక్కడా పన్ను లేదు, భార్య భర్తకు పంపిన సొమ్ము మీదా లేదు. అచ్చమైన పన్ను లేని ఆదాయం అది. ఆ ఆదాయానికి ముందే ఏజెంటుకు ఇచ్చినదీ, దానికి చేసిన అప్పు వడ్డీయీ కోత పడతాయి. ఇంటి స్వరూపం మాటకొస్తే, ఆరు నెలలకు మించి ఊళ్ళో లేని మనిషిని సర్వేలు ఇంటి సభ్యుల్లో లెక్కించవు గనుక, ఇంటిని పోషించే ఆమె ఇంటి మనిషి కాదు, ఆమె జీతం బయటి నుంచి వచ్చిన జమ. భర్త, అత్త, ఇద్దరు పిల్లలు గల ఆ ఇల్లు పట్టికలో మగవాడు యజమానిగా ఉన్న ఇల్లుగా పడుతుంది. తల్లి లేని ఇల్లుగా కూడా కాదు.

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళలో ఇదే విషయం మరొక విధంగా ఉంది. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘం మగ్గం నేసే మనిషి పేరున కూలి రాస్తూ వచ్చింది, మగ్గం మాత్రం ఒక్కరితో నడవదు. నూలు చుట్టి, కండెలు పట్టి, పడుగు సిద్ధం చేసే భార్య, తల్లి, చెల్లెలు ఉంటేనే చీర దిగుతుంది. ఆ చేతులు లేని చిన్న ఇల్లు అదే పనిని కూలికి చేయించుకోవాలి, కాబట్టి ఒకే చీరకు ఒకే కూలి వచ్చినా చేతిలో మిగిలేది వేరు.

భర్త పోయిన, లేదా వదిలేసిపోయిన ఆడమనిషి పిల్లలతో ఉండే ఇల్లు ఇక్కడి పట్టికలోనూ అడుగునే ఉంటుంది, అందులో ఆశ్చర్యం లేదు. అయితే ఆమెను అడుగుకు నెట్టేది పన్ను విధానం కాదు. భూమి మామ పేరున ఉంటే పీఎం కిసాన్ ఆమెకు రాదు. కౌలుకు చేస్తే, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే పొలం యజమాని సమ్మతి కావాలి, ఆ యజమాని తరచు బావగారే. పుట్టింటి భాగం మీద పెళ్ళినాటి సంతకం ఉంటుంది. అత్తింటి కార్డులో పేరుంటే ఆ ఇంటి పదెకరాలు ఆమెవి కూడా అయినట్టు లెక్క. అత్తింటి కార్డులోంచి విడిపోవడానికి ఆమెకు ఆ ఇంటివారి సహకారం కావాలి, విడిపోయాకే ఆమె ఒంటరి మహిళగా కాగితానికి కనిపిస్తుంది. చెట్టుకు ఉరేసుకున్న కౌలు రైతు భార్యకు పరిహారం రావాలంటే అతడు రైతని రుజువు కావాలి, ఆ రుజువు కూడా మరొకరి సంతకంలోనే ఉంది. ఉమ్మడి కుటుంబం బీమా అని పైన అన్న మాట ఇక్కడ సవరించుకోక తప్పదు. ఆ బీమాకు మగ వారసులు హక్కుదారులు, కోడలు లబ్ధిదారు మాత్రమే, అదీ ఆమె భర్త బతికి ఉన్నంత కాలం.

వర్గమూలంతో భాగించినా, తలలతో భాగించినా, ఇంటిలోపల అందరూ సమానంగా తింటున్నారని ఊహించుకుని చేసే లెక్కలే అవి. ఆ ఊహ ఎంత తప్పో ఇంటింటికీ తిరిగి కొలవడం పెద్ద పని, కాని ఉన్న కాగితాలతోనే చేయదగినది కొంత ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు ఇంటి పరిమాణం సుమారు నలుగురికి దిగింది, దేశపు సగటు అప్పటికి ఐదుకు దగ్గరగా ఉంది. ఆ తేడాలో నిజంగా పొయ్యి వేరైనది ఎంత, కార్డు కోసం వేరైనది ఎంత అన్నది విడదీసి చూడవలసిన విషయం. ఇళ్ళ జాబితా ప్రశ్నావళిలో ఇంట్లో ఎన్ని జంటలు ఉన్నాయని 2011లోనే అడిగారు. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కించే కొత్త గణనలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబును మండలాల వారీగా తీసి, సచివాలయాల కుటుంబ నమోదులోని ఇళ్ళ సంఖ్య పక్కన పెట్టి, ముందుగా కోసిగికీ రాయచోటికీ చూస్తే, జంటలు గణనలో ఒకే ఇంట్లోనూ నమోదులో వేర్వేరు ఇళ్ళలోనూ ఉన్న మండలాలు ఏవో తెలుస్తాయి; నెలకు 10,000 అనే హద్దును ఇంటికి కాక తలకు మార్చితే ఎన్ని కార్డులు మళ్ళీ ఒకటవుతాయో ఆ మండలాల్లోనే ముందు లెక్కగట్టవచ్చు.